లాసన్స్ బే కాలనీలో సర్వీస్ అపార్ట్‌మెంట్: చాలాకాలం ఉన్న తరువాత నా సమీక్ష

ఉద్యోగం రుషికొండ వైపు, అమ్మ వైద్యం మహారాణిపేటలో కావడంతో, విశాఖపట్నంలో ఆ రెండింటికీ నడుమన పడే లాసన్స్ బే కాలనీని ఎంచుకున్నాను. పడకగది, చిన్న హాలు, వంటకు ఒక మూల, సముద్రం కనిపించే బాల్కనీ ఉన్న ఆ ఫ్లాటుకు నెల అద్దె 32,000 రూపాయలు. ఖాళీ ఫ్లాటుతో పోలిస్తే ఇది ఎక్కువే. అయితే మంచం, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ కొనే పని గానీ, వెళ్లేటప్పుడు వాటిని అమ్ముకునే శ్రమ గానీ లేకపోవడం, పైగా అడ్వాన్స్ ఒక నెల అద్దెతోనే సరిపోవడం వల్ల, ఎంతకాలం ఉంటామో తెలియని మా వంటివారికి ఇది గిట్టుబాటుగానే ఉంటుందని నా అభిప్రాయం.

ఇటువంటి ఇళ్ల ప్రకటనలన్నీ బాల్కనీ నుంచి కనిపించే సముద్రాన్నే చూపిస్తాయి. అక్కడ నివసించేవారి రోజువారీ సౌఖ్యాన్ని నిర్ణయించేది మాత్రం ఉప్పుగాలి. సముద్రానికి ఎదురుగా ఉన్న గోడకు బిగించిన ఏసీ బయటి యూనిట్ తుప్పు పట్టి, వేసవి నడిమధ్యలో గ్యాస్ కారిపోయింది. బాల్కనీ తలుపు గడియ బిగుసుకుపోయేది, గ్యాస్ పొయ్యి బర్నర్ల చుట్టూ ఎర్రటి పొడి రాలేది, బీరువాలో మడతపెట్టిన పట్టుచీరలకు వానాకాలంలో బూజు వాసన పట్టేది. నిర్వాహకులు మరమ్మతుకు మనిషిని పంపేవారు కానీ, పాడైన తరువాత బాగుచేయడమే తప్ప పాడవకుండా చూసుకునే అలవాటు వారికి లేదు. తీరప్రాంతపు ఇంటికి ఇదే పెద్ద లోపమని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందువల్ల ఇల్లు చూడడానికి వెళ్లినవారు పరుపు మెత్తదనం కంటే ముందు కిటికీ చట్రాలు ఇనుమువా, యూపీవీసీవా (తుప్పు పట్టని గట్టి ప్లాస్టిక్) అన్నది చూడాలి. తలుపు బందులను, గీజర్ కింది పైపులను చేతితో తడిమి చూడాలి, ఏసీని చివరిసారి ఎప్పుడు శుభ్రం చేయించారో అడగాలి.

ఆ తరువాత అదే యాజమాన్యం కింద, రెండు వీధులు లోపల ఉన్న మరో ఫ్లాటుకు మారాము. సముద్రం కనిపించదు కానీ గాలి వస్తుంది, తుప్పు తగ్గింది, అద్దె కూడా కొంత తగ్గింది. ఎంవీపీ కాలనీ రైతుబజారు ఇంకా దగ్గరైంది. ఉదయం నడకకు తీరానికి ఎలాగూ వెళ్తాము కనుక ఈ మార్పుతో మేము పోగొట్టుకున్నది ఏమీ లేదు.

గదుల శుభ్రత సంతృప్తికరం. దుప్పట్లు వారానికి రెండుసార్లు మార్చేవారు. వంటసామగ్రి మాత్రం హోటల్ గదికి సరిపడేంతే ఉండేది. పొయ్యి, రెండు గిన్నెలతో మన వంట సాగదు కాబట్టి కుక్కరు, మిక్సీ, ఇడ్లీ పాత్ర వెంట తెచ్చుకోవలసిందే.

విద్యుత్తు విషయంలో జాగ్రత్త అవసరం. మా భవనంలో ఉన్నది వాణిజ్య కనెక్షన్ కావడంతో సబ్ మీటరు (ఒక్కో ఫ్లాటు వాడకాన్ని విడిగా లెక్కించే మీటరు) ప్రకారం వేసిన యూనిట్ ధర మామూలు ఇంటి బిల్లు కంటే బాగా ఎక్కువగా ఉండేది. ఏసీ లేనిదే నిద్ర పట్టని మే నెలలో ఆ తేడా బరువుగానే తెలిసింది. యూనిట్ ధరను ఒప్పందంలో రాయించుకోవడం మంచిది. జనరేటర్ సౌకర్యం లిఫ్టుకు మాత్రమేనా, ఫ్లాట్లకు కూడానా అని కూడా అడగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవారికి ఈ ప్రశ్న ఎందుకో చెప్పనక్కరలేదు.

నవంబరు నుంచి జనవరి దాకా అరకు వెళ్లే పర్యాటకుల రద్దీ వల్ల రోజువారీ అద్దెలు పెరుగుతాయి, నెలవారీ అద్దెదారులను కదిలించే ప్రయత్నాలు కూడా జరుగుతాయి. మా ఒప్పందాన్ని ఫిబ్రవరి చివరి వరకు ముందే రాయించుకున్నందున, డిసెంబరులో అద్దె పెంచుతామని వారు అడిగినప్పుడు ఆ కాగితం చూపించగలిగాము, పాత అద్దే కొనసాగింది.