చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో నాలుగేళ్లు: డబ్బులకి తగ్గట్టు ఉందా?

మొన్న మే నెలలో డిగ్రీ చేతికొచ్చింది. చదివింది అమెరికా మధ్య రాష్ట్రాల్లో, చుట్టూ మొక్కజొన్న చేలున్న ఒక చిన్న ఊళ్లో, మొత్తం విద్యార్థులు కలిపి రెండు వేల మంది కూడా లేని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో. పేరు మాత్రం రాయను. కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి, అంత చిన్న చోట ఎవరు రాశారో కనిపెట్టడానికి అయిదు నిమిషాలు చాలు.

ముందు ఆ పేరు గొడవ. లిబరల్ ఆర్ట్స్ అనగానే మా బంధువుల్లో సగంమంది బొమ్మలు గీయడం నేర్పుతారనుకున్నారు, మిగతా సగం "ర్యాంకెంత, ఎప్పుడూ వినలేదే" అన్నారు. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ అన్నీ ఉంటాయండీ. కాకపోతే పీహెచ్‌డీ విద్యార్థులుండరు, కాలేజీ మొత్తం డిగ్రీ పిల్లల కోసమే నడుస్తుంది, మేజర్ (ప్రధానంగా చదివే సబ్జెక్టు) ఏంటో రెండో ఏడాది ఆఖరుకి చెబితే సరిపోతుంది. ఇంటెల్ పెట్టిన ఇద్దరిలో ఒకడైన రాబర్ట్ నాయిస్ ఐయోవాలోని గ్రిన్నెల్ అనే ఇలాంటి చిన్న కాలేజీలోనే చదివాడని చెప్పాకే మా పెదనాన్న కాస్త నెమ్మదించారు.

ఇక చదువు. మొదటి సెమిస్టర్లో ఒక సెమినార్, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బల్ల చుట్టూ పదకొండు మందిమి. రెండో వారం నేను చదవకుండా వెళ్లాను, పెద్ద క్లాసుల్లో వెనక బెంచీలో నెట్టుకొచ్చిన అలవాటు కదా. ప్రొఫెసర్ ఏమీ అనలేదు, "నలభై రెండో పేజీలో రెండో పేరా గురించి నువ్వేమనుకుంటున్నావు?" అంది అంతే. పుస్తకం తెరిచాను. కొత్త పుస్తకం, ఒక్కసారి కూడా తెరవలేదు, వెన్ను టక్కున విరిగిన చప్పుడు బల్ల చుట్టూ అందరికీ వినిపించింది. ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. ఆ తర్వాత నాలుగేళ్లలో చదవకుండా క్లాసుకి వెళ్లింది బహుశా మూడుసార్లేమో.

ఇక్కడ దాక్కోవడానికి చోటుండదు. మీరు డబ్బులు కట్టేది దీనికే, తర్వాత విసుగు తెప్పించేదీ ఇదే. క్లాసు ఎగ్గొడితే మధ్యాహ్నానికల్లా "ఒంట్లో బాగుందా?" అని మెయిల్ వస్తుంది. మొదటి ఏడాది ఎంత ప్రేమో అనిపించింది, మూడో ఏడాదికి నిఘాలాగా అనిపించింది. కానీ వ్యాసం రాసిస్తే మార్జిన్ నిండా పెన్సిల్‌తో రాసి వెనక్కిచ్చేవాళ్లు, "ఈ వాక్యం నీకే నమ్మకం లేనట్టుంది" లాంటి మాటలు. నా ఇంగ్లిష్ బాగుపడింది ఆ పెన్సిల్ వల్లే. పేపర్లు దిద్దేది, ల్యాబ్‌లో పక్కన నిలబడేది ప్రొఫెసర్లే. రీసెర్చ్‌కి పీహెచ్‌డీ వాళ్లు లేరు కాబట్టి ఆ పని కూడా మన చేతికే వస్తుంది, రెండో ఏడాది తర్వాత ఎండాకాలం మొత్తం జీతమిచ్చి మరీ డేటా పని చేయించుకున్నారు. పెద్ద యూనివర్సిటీలో చదివే నా ఫ్రెండ్‌కి మూడో ఏడాది వరకు తన ప్రొఫెసర్ పేరు పలకడం కూడా రాలేదు.

సరే, పొగిడింది చాలు. కోర్సుల సంగతి చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కేటలాగ్ చూస్తే నోరూరుతుంది, తీరా రిజిస్ట్రేషన్ రోజు చూస్తే అందులో సగం ఉండవు. నాకు కావలసిన ఎకనామెట్రిక్స్ పైస్థాయి కోర్సు రెండేళ్లకోసారి, అది చెప్పేది ఒక్కరే, ఆవిడ సరిగ్గా ఆ ఏడాదే పెద్ద సెలవు, అదే సబాటికల్‌కి వెళ్లింది. డిపార్ట్‌మెంట్లో అయిదుగురుంటే ఒకరు సెలవు పెట్టినా ఇరవై శాతం పోయినట్టే. కంప్యూటర్ సైన్స్‌లో మరీ ఘోరం, చేరేవాళ్లు పెరిగారు, చెప్పేవాళ్లు పెరగలేదు, సీటు కోసం ఉదయం ఏడింటికి ల్యాప్‌టాప్ ముందు ఒకటే టెన్షన్. అందుకే అప్లై చేసేముందు కేటలాగ్ చూడకండి, గత నాలుగు సెమిస్టర్ల టైమ్‌టేబుళ్లు చూడండి, నిజంగా ఏమేం చెప్పారో అందులో తెలుస్తుంది. ఇంజినీరింగ్ కావాలంటే స్వార్త్‌మోర్ లాంటి కొన్నిచోట్లే ఉంది, మిగతా చాలా చోట్ల ఇక్కడ మూడేళ్లు, వేరే యూనివర్సిటీలో రెండేళ్లు అనే పద్ధతి. ఆ చివరి రెండేళ్లకి ఆర్థిక సాయం ఎవరిస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి.

ఈ కాలేజీలన్నీ ఒకే మూసలో ఉంటాయనుకోకండి. ఆమ్‌హర్స్ట్‌లో మేజర్ బయట తప్పనిసరి సబ్జెక్టులంటూ దాదాపు ఉండవు. కొలరాడో కాలేజీలో ఒకసారికి ఒకే కోర్సు, మూడున్నర వారాల్లో ముగించి తర్వాతది మొదలుపెడతారు. విలియమ్స్‌లో ట్యుటోరియల్ అంటే ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్, అంతే. అక్కడైతే నా సెమినార్లో ఉన్న పదిమంది చాటు కూడా ఉండదు.

డబ్బు దగ్గర నిదానంగా చదవండి. ఫీజు, గది, తిండి కలిపి ఇలాంటి చాలా ప్రైవేటు కాలేజీల్లో బోర్డు మీది రేటు ఏడాదికి 80,000 డాలర్లు దాటిపోయింది. అది చూసి మా నాన్న ల్యాప్‌టాప్ మూసేశారు. నిజానికి ఆ రేటు పూర్తిగా కట్టేవాళ్లు కొందరే, మిగతావాళ్లకి ఇంటి ఆదాయాన్ని బట్టి కాలేజీయే తగ్గిస్తుంది. అమెరికా పౌరులైతే ఫాఫ్సా అనే ప్రభుత్వ సాయం ఫారం నింపుతారు, మనలాంటి ఎఫ్1 (విద్యార్థి) వీసా వాళ్లకి ఆ ప్రభుత్వ సాయం లేదు కాబట్టి చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం అడుగుతాయి. అందులో ఆదాయం, ఇల్లు, పొదుపు, తోడబుట్టినవాళ్ల చదువు ఖర్చు, అన్నీ చెప్పుకోవాలి, పెళ్లిచూపుల్లో కూడా అన్ని ప్రశ్నలుండవు. కాలేజీల సైట్లలో ఉండే ఖర్చు లెక్కగట్టే కాలిక్యులేటర్ మాత్రం అమెరికా కుటుంబాల కోసం తయారైంది, మన అంకెలు వేసి ఆశ పెట్టుకోకండి.

మొదటి ఏడాది మా వంతు 18,000 డాలర్లొచ్చింది, సంతోషించాం. నాలుగో ఏడాదికి అది 23,000 అయింది. ఎలాగంటే ఫీజు ఏటా పెంచారు, నాకిచ్చిన గ్రాంటు మాత్రం మొదటి ఏడాది అంకె దగ్గరే ఆగిపోయింది. గ్రాంటు ఇస్తూ పంపిన ఉత్తరంలో ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంది, మేం చదవలేదు, తప్పు మాదే అనుకోండి, అయినా ఆ అక్షరాలు కాస్త పెద్దవి వేస్తే వాళ్ల సొమ్మేం పోయింది? పైగా హెల్త్ ఇన్సూరెన్స్ విడిగా ఏడాదికి రెండు వేల పైనే. మరో విషయం, పూర్తి స్కాలర్‌షిప్ వచ్చిన నా రూమ్మేట్‌కి కూడా బిల్లొచ్చింది. ట్యూషన్‌కీ పుస్తకాలకీ ఇచ్చిన గ్రాంటు మీద పన్ను లేదు కానీ గదికీ తిండికీ ఇచ్చినదాన్ని అక్కడి పన్ను చట్టం ఆదాయం కింద లెక్కేస్తుంది, ఎఫ్1 వాళ్లకి మామూలుగా 14 శాతం పట్టుకుంటారు. పాపం లైబ్రరీ డెస్క్‌లో గంటలు పెంచుకుని కట్టింది. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు, అదీ గుర్తుంచుకోండి.

అడ్మిషన్ గురించి పెద్దగా చెప్పను, కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు, వ్యాసాలు, సిఫార్సు ఉత్తరాలు, అందరికీ తెలిసిన తంతే. ఎస్ఏటీ అనే ప్రవేశ పరీక్ష చాలాచోట్ల ఐచ్ఛికం, బోడిన్ కాలేజీ 1969 నుంచీ అడగడం లేదు. మనకి అసలు విషయం వేరే ఉంది: చాలా కాలేజీలు విదేశీ విద్యార్థుల్ని ఎంచుకునేటప్పుడు ఎంత సాయం అడిగారో కూడా చూస్తాయి. అది చూడకుండా చేర్చుకునేవి ఆమ్‌హర్స్ట్, బోడిన్ లాంటివి, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాగని తక్కువ అడిగి చేరిపోదాం, తర్వాత చూసుకుందాం అనుకుంటే మునుగుతారు, మొదట సాయం అడగనివాళ్లకి తర్వాత ఇవ్వమని కొన్నిచోట్ల రాసే పెడతారు. ఎర్లీ డెసిషన్ అంటే సీటొస్తే చేరి తీరాలి, నాలుగు కాలేజీల సాయం పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలు పోతుంది. నేను ఆ షరతు లేని రెగ్యులర్‌లోనే వేశాను, మార్చి ఆఖరు వరకు నిద్రలేదు.

క్యాంపస్ జీవితం... ఒకే డైనింగ్ హాల్, రోజూ అవే మొహాలు. ఎవరితోనైనా పడకపోతే వాళ్లు సలాడ్ దగ్గర, మనం సూప్ దగ్గర, నాలుగేళ్లు అలా తప్పించుకు తిరగాల్సిందే. కారు లేకపోతే ఊరు దాటలేం, ఎయిర్‌పోర్టుకి గంటన్నర. నాలుగేళ్లూ హాస్టల్లోనే ఉండాలి, మీల్ ప్లాన్ కొనాలి, రెండూ తప్పనిసరి. శీతాకాలం సెలవుల్లో మాత్రం డైనింగ్ హాల్ మూసేస్తారు! బయట మోకాళ్లదాకా మంచు, ఇంటికి టికెట్ కొనలేని విదేశీ పిల్లలం పదిహేను మందిమి ఒక వంటగదిలో. గదిలో దాచుకున్న నా రైస్ కుక్కర్ ఆ సెలవుల్లోనే ఫైర్ సేఫ్టీ తనిఖీలో దొరికిపోయింది, తలుపుకి పసుపు రంగు చీటీ అంటించి పట్టుకుపోయారు, సెమిస్టర్ అయ్యాక తీసుకోమన్నారు. ఆ పదిహేను మందితో మాత్రం ఇప్పటికీ రోజూ మాట్లాడతాను.

ఉద్యోగాల విషయంలో కాలేజీ పేరు చూసి ఎవరూ పిలవరు, కెరీర్ ఫెయిర్‌కి వచ్చిన కంపెనీలతో చిన్న హాలు సగం కూడా నిండలేదు. పాత విద్యార్థులకి మెయిల్ రాస్తే మాత్రం జవాబిస్తారు, నా ఇంటర్న్‌షిప్ అలాగే దొరికింది. ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: ఎకనామిక్స్ తీసుకునేవాళ్లు ఆ డిగ్రీ కోడ్ ఏంటో కాలేజీని అడగండి. 45.0603 అయితే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కింద లెక్క, ఒక ఏడాది ఓపీటీ (చదివినదానికి సంబంధించిన పని అక్కడే చేసుకునే అనుమతి) మీద ఇంకో రెండేళ్లు దొరుకుతాయి. 45.0601 అయితే ఆ ఏడాదితో సరి. సబ్జెక్టు అదే, పుస్తకాలవే, ఒక్క అంకె తేడా.

ఈ ఏడాది మా చెల్లి అప్లై చేస్తోంది. దాని జాబితాలో ఇలాంటివి మూడుండేవి. మొన్న ఫోన్ చేసి అడిగింది, "అక్కా, అక్కడ క్లాసులో ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే కుదురుతుందా?" అని. కుదరదన్నాను. ఒకటి కొట్టేసింది, రెండుంచుకుంది.