జాగ్రత్త: మీ వైఫై కంట్రోలర్ ఎవరి పేరు మీద ఉందో బిల్లు కట్టే ముందే చూసుకోండి

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో లాడ్జి, ఆసుపత్రి, ఫంక్షన్ హాల్, కోచింగ్ సెంటర్ లాంటివి నడుపుతూ కొత్తగా వైఫై పెట్టించుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కరీంనగర్, మంచిర్యాల వాళ్లకూ పనికొస్తుంది. వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్లకు డబ్బు మీరే ఇస్తారు, వైరింగ్‌కు మీరే ఇస్తారు, నెట్ బిల్లు నెలనెలా మీరే కడతారు. వీటన్నిటినీ నడిపించే కంట్రోలర్ మాత్రం పెట్టినవాళ్ల చేతిలోనే ఉండిపోతుంది. ఇల్లు కట్టించి తాళంచెవి మేస్త్రీ జేబులో వదిలేసినట్టు. వాళ్లతో మాట తేడా వచ్చిన రోజు గాని ఈ సంగతి బయటపడదు.

మాది హన్మకొండలో లాడ్జి, కింద బాంకెట్ హాల్. అన్నీ కలిపి 18 యాక్సెస్ పాయింట్లు. పెట్టింది ఇక్కడి షాపువాళ్లే. లాయర్ నోటీసు నడుస్తోంది కాబట్టి వాళ్ల పేరు రాయను. సామాను బ్రాండ్ పేరు కూడా రాయను. అందులో లోపం లేదు, ఇప్పటికీ అదే వాడుతున్నాం.

కొటేషన్‌లో "వైర్‌లెస్ కంట్రోలర్, లైఫ్‌టైమ్ లైసెన్సుతో, 1 నంబర్" అని ఒక లైన్ ఉంది. దానికి 46,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. పని పూర్తయ్యాక ర్యాక్ తెరిస్తే ప్యాచ్ ప్యానెల్, పీఓఈ స్విచ్, రూటర్, యూపీఎస్ కనిపించాయి. కంట్రోలర్ అనే డబ్బా లేదు. అడిగితే, "అది క్లౌడ్‌లో ఉంది సార్. మీరు టెన్షన్ తీసుకోకండి, అంతా మేం చూసుకుంటాం" అన్నారు.

ఆ క్లౌడ్ అంటే ఏమిటో తర్వాత తెలిసింది. షాపువాళ్లు ఎక్కడో ఒక సర్వర్ అద్దెకు తీసుకున్నారు. సామాను తయారుచేసిన కంపెనీ తన సైట్‌లో ఉచితంగా ఇచ్చే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌ను అందులో ఎక్కించారు. వాళ్ల కస్టమర్లందరినీ ఆ ఒక్కదాంట్లోనే వేరువేరు సైట్లుగా పెట్టారు. అందులో ఒకటి మాది. లైఫ్‌టైమ్ లైసెన్సు అని డబ్బు తీసుకున్నారు గానీ, ఆ సాఫ్ట్‌వేర్‌కు అసలు లైసెన్సే ఉండదు. మాకు ఇచ్చిన లాగిన్‌తో ఎన్ని ఫోన్లు కనెక్ట్ అయ్యాయో చూడొచ్చు, అంతే. పాస్‌వర్డ్ మార్చాలన్నా వాళ్లకు ఫోన్ చేయాల్సిందే.

రెండో ఏడాది ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) దాదాపు రెట్టింపు చేశారు. అంత కట్టలేం, అడ్మిన్ లాగిన్ ఇచ్చేయండి, మేమే చూసుకుంటాం అన్నాం. "కంపెనీ పాలసీ సార్, ఇవ్వరు" అన్నారు. ఏ కంపెనీ అని అడిగితే సమాధానం లేదు. సామాను తయారుచేసిన కంపెనీకి అలాంటి పాలసీ ఏదీ లేదు.

మాఘమాసం ముహూర్తాల్లో హాల్లో పెళ్లి, గదులన్నీ నిండి ఉన్నాయి. సాయంత్రం నుంచి ఎవరి ఫోన్లోనూ నెట్ లేదు. వైఫై పేరు కనిపిస్తోంది, ఫోన్ కనెక్ట్ అవుతోంది, కానీ నంబర్ కొట్టి ఓటీపీ పెట్టే పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు. షాపుకు ఫోన్ చేస్తే "మీ ఇంటర్నెట్ వాళ్లదే ప్రాబ్లం సార్" అన్నారు. నెట్ కనెక్షన్ అబ్బాయి వచ్చి రూటర్‌కు నేరుగా లాప్‌టాప్ పెట్టి చూపించాడు. నెట్ బ్రహ్మాండంగా ఉంది.

ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పాలి, ఎందుకంటే ఈ మెలిక తెలిస్తేనే మోసం కనబడుతుంది. ఇలాంటి కంట్రోలర్లలో చాలావాటి గుండా మన నెట్ ప్రవహించదు. అవి సెట్టింగులు పంపుతాయి, లెక్కలు రాసుకుంటాయి, అంతే. అందుకే కంట్రోలర్ ఆగిపోయినా యాక్సెస్ పాయింట్లు పాత సెట్టింగులతో పనిచేస్తూనే ఉంటాయి. మామూలు పాస్‌వర్డ్ ఉన్న వైఫై అయితే ఎవరికీ తేడా తెలియదు. కానీ గెస్ట్ లాగిన్ పేజీ చాలా బ్రాండ్లలో కంట్రోలర్ నుంచే వస్తుంది. అది అందకపోతే ఎవరూ లోపలికి పోలేరు. చూసేవాళ్లకు మాత్రం ఇంటర్నెట్ పోయినట్టే కనిపిస్తుంది. నెపం నెట్ కంపెనీ మీదకు నెట్టడానికి ఇంతకన్నా వీలైన చోటు లేదు. మీ దగ్గర ఇలా జరిగితే బిల్లింగ్ కంప్యూటర్ లాంటి వైర్ కనెక్షన్‌లో నెట్ వస్తోందో లేదో మొదట చూడండి. అది వస్తూ గెస్ట్ పేజీ ఒక్కటే రాకపోతే అనుమానించాల్సింది కంట్రోలర్‌ను.

రాత్రి మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి అసలు మాట వచ్చింది. "ఏఎంసీ రెన్యువల్ చేయండి సార్, పది నిమిషాల్లో వచ్చేస్తుంది." పది నిమిషాల్లో తేగలిగినవాళ్లే ఆపారని అర్థం కావడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ఇదే మేడారం జాతర రోజుల్లో అయి ఉంటే మా గతి ఏమిటో ఊహించుకోవడానికే భయం.

మా బామ్మర్ది సికింద్రాబాద్‌లో నెట్‌వర్క్ పనులు చేస్తాడు. విషయం చెబితే "బావా, వాళ్ల కంట్రోలర్ సంగతి వదిలెయ్. పాయింట్లు రీసెట్ కొట్టి మనదే పెట్టుకుందాం" అన్నాడు. వచ్చేటప్పుడే అక్కడి కంప్యూటర్ సామాను మార్కెట్ సీటీసీలో చిన్న హార్డ్‌వేర్ కంట్రోలర్ కొనుక్కొచ్చాడు. ప్రతి పాయింట్ దగ్గరా నిచ్చెన వేసి, చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి, లైట్ మారేదాకా పట్టుకోవాలి. రీసెట్ అయ్యాక పాయింట్ పాత కంట్రోలర్‌ను మరిచిపోయి కొత్తదానికి దొరుకుతుంది. గదుల్లో సులువుగానే అయింది. బాంకెట్ హాల్లో మాత్రం రెండింటిని ఫాల్స్ సీలింగ్ పైన దాచిపెట్టారు. జిప్సం బోర్డు కోయించి, మళ్లీ అతికించి, పెయింట్ వేయించాల్సి వచ్చింది. యాక్సెస్ పాయింట్‌ను చేయి అందని చోట పెడతామంటే ఒప్పుకోకండి. అలా సీలింగ్ పైన దాచడం సిగ్నల్‌కూ మంచిది కాదు.

బ్యాకప్ ఫైలు ఇచ్చి ఉంటే సెట్టింగులన్నీ ఒక్కసారిగా ఎక్కేవి. ఇవ్వలేదు. సీసీ కెమెరాలు, బిల్లింగ్, స్టాఫ్, గెస్టులు, ఇలా వేరువేరుగా ఉన్న నెట్‌వర్కులన్నీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

మా బ్రాండ్‌లో రీసెట్‌తో పని అయింది. అన్నిటిలో అలా కాదు, కొనే ముందు తెలుసుకోవాల్సింది ముఖ్యంగా ఇదే. సిస్కో మెరాకి, అరుబా ఇన్‌స్టంట్ ఆన్ లాంటివాటిలో సీరియల్ నంబర్ కంపెనీ క్లౌడ్‌లోని ఖాతాకు ముడిపడి ఉంటుంది. పాత ఖాతాలోంచి తీసేస్తే తప్ప మీ ఖాతాలో చేరదు, మీరు వందసార్లు రీసెట్ కొట్టినా సరే. ఆ ఖాతా షాపువాళ్ల మెయిల్ మీద ఉంటే మీరు వాళ్ల దయ మీద బతకాలి. అలాంటి సామాను కొంటే మొదటి రోజే మీ మెయిల్‌తో ఖాతా తెరిచి, డబ్బా మీద సీరియల్ నంబర్‌ను మీరే ఎక్కించండి.

లైసెన్సుల సంగతి కూడా తలో దారి. యూబిక్విటీ కంపెనీ యూనిఫై కంట్రోలర్‌ను మన కంప్యూటర్లోనో వాళ్ల డబ్బాలోనో నడుపుకుంటే లైసెన్సు డబ్బు లేదు. టీపీ-లింక్ ఒమాడాలో సాఫ్ట్‌వేర్ కంట్రోలర్ ఉచితం, ఓసీ200 లాంటి డబ్బా ఒకసారి కొంటే చాలు. కానీ అదే ఒమాడాలో స్టాండర్డ్ రకం క్లౌడ్ కంట్రోలర్ తీసుకుంటే ఒక్కో పరికరానికి లైసెన్సు కావాలి. ఇన్‌స్టంట్ ఆన్ క్లౌడ్‌కు లైసెన్సు లేదు. మెరాకికి తప్పనిసరి. కో-టర్మ్ పద్ధతిలో, అంటే లైసెన్సులన్నీ ఒకే తేదీకి ముగిసే పద్ధతిలో, గడువు దాటాక ఇంకో 30 రోజులు నడుస్తుంది, ఆ తర్వాత పరికరాలు నెట్ ఇవ్వడమే మానేస్తాయి. కాబట్టి "లైఫ్‌టైమ్" అన్న మాట కొటేషన్‌లో కనిపిస్తే ఏ లైసెన్సు, ఎవరి పేరు మీద, ఏ తేదీ వరకు అని రాతపూర్వకంగా అడగండి.

నాలుగైదు పాయింట్ల చిన్న చోటికి విడిగా కంట్రోలర్ కొనాల్సిన పనే ఉండకపోవచ్చు. రకస్ అన్‌లీష్డ్, అరుబా ఇన్‌స్టంట్ లాంటివాటిలో ఒక యాక్సెస్ పాయింటే మిగతావాటికి పెద్దగా వ్యవహరిస్తుంది. కంట్రోలర్ పెడితే స్పీడ్ డబుల్ అవుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తాకని చానెళ్లు 1, 6, 11, ఆ మూడే. వరుసగా కారిడార్‌లో పాయింట్లు పెట్టి అన్నిటినీ ఫుల్ పవర్‌లో వదిలేస్తే ఎంత ఖరీదైన కంట్రోలరైనా చేసేది తక్కువ.

తెలిసినవాళ్ల ఆసుపత్రి ఒకటి ఉంది కరీంనగర్‌లో. వాళ్లకు సిస్కో 2504 కంట్రోలర్‌ను కొత్తదని అంటగట్టారు. ఆ మోడల్ అమ్మకం 2018లోనే ఆగిపోయింది, సపోర్ట్ 2023తో ముగిసింది. పైగా ఆ తరం సిస్కో యాక్సెస్ పాయింట్లలో ఫ్యాక్టరీలో పెట్టిన డిజిటల్ సర్టిఫికెట్‌కు (పరికరం గుర్తింపు కార్డు లాంటిది) పదేళ్ల గడువు ఉంటుంది. అది దాటితే కంట్రోలర్ వాటిని చేర్చుకోదు, సెట్టింగుల్లో ప్రత్యేకంగా సడలింపు పెడితే తప్ప. మోడల్ నంబర్ పక్కన "ఎండ్ ఆఫ్ లైఫ్" అని గూగుల్‌లో కొడితే నిమిషంలో తేలే విషయం ఇది.

మాకు ఎక్కువ బాధ కలిగించింది గెస్టుల నంబర్లు. ఓటీపీ కోసం వాళ్లు కొట్టిన ఫోన్ నంబర్లు, ఎప్పుడు కనెక్ట్ అయ్యారన్న లాగ్‌లు అన్నీ ఆ షాపు సర్వర్లోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ లాగ్‌లను 180 రోజులు ఉంచుకోవాలి. రేపు మా వైఫై వాడి ఎవడో తప్పుడు పని చేస్తే పోలీసులు వచ్చేది లాడ్జికి, షాపుకు కాదు. చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. పైగా ఆ సర్వర్లో సాఫ్ట్‌వేర్ చాలా పాత వెర్షన్. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే సాఫ్ట్‌వేర్ భాగంలో హ్యాకర్లకు దారిచ్చే లోపం బయటపడినప్పుడు యూనిఫై, ఒమాడా కంట్రోలర్లు కూడా దానికి గురయ్యాయి, కంపెనీలు అప్‌డేట్లు ఇచ్చాయి. ఇచ్చినా వేసేవాళ్లు ఉండాలి కదా. ఒకే సర్వర్లో ఇంతమంది కస్టమర్లను పెట్టినప్పుడు ఒక్క రంధ్రంతో అందరి నెట్‌వర్కులూ బయటపడతాయి.

హోస్టెడ్ కంట్రోలర్, అంటే వేరేవాళ్ల సర్వర్లో నడిచేది, అసలు వద్దని నేను అనను. చూసుకునే మనిషి లేనివాళ్లకు నెలకు ఇంత అని అద్దె కట్టడం తప్పు కాదు. కానీ అది అద్దె అని బిల్లులో ఉండాలి. మానేస్తే ఇన్ని రోజుల్లో బ్యాకప్ ఫైలు, అడ్మిన్ హక్కులు ఇస్తామని రాసి ఉండాలి. కొన్నదైతే మోడల్ నంబర్, సీరియల్ నంబర్ బిల్లు మీద ఉండాలి. చివరి విడత డబ్బు కొంత ఆపండి. ఓనర్ ఖాతా మీ సంస్థ మెయిల్‌కు మార్చి, టెక్నీషియన్ తన ఖాతాను మీ ఎదుటే తీసేశాక ఇవ్వండి. ఆ ఖాతా ఓటీపీ వెళ్లే నంబర్ యజమానిదై ఉండాలి. రిసెప్షన్ కుర్రాడి నంబర్ పెడితే వాడు ఉద్యోగం మానేసిన రోజు మళ్లీ ఇదే కథ. బ్యాకప్‌ను బయట పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. కంట్రోలర్‌కు యూపీఎస్ తప్పనిసరి. మన దగ్గర ఎండాకాలం ఈదురుగాలులకు కరెంటు ఎలా పోతుందో తెలిసిందే, హఠాత్తుగా ఆగితే డేటాబేస్ చెడిపోయే ప్రమాదం ఉంది.

ఫిర్యాదు సంగతి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకుంటే లాయర్ ఒక అడ్డు చెప్పారు. 2019 చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారుల కిందికి రారు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. చిన్న ఇంటర్నెట్ సెంటర్ సొంతంగా నడుపుకునేవాళ్లు ఆ దారి ప్రయత్నించవచ్చు, మా లాడ్జికి కష్టం. మాకు దొరికిన దారి ఐటీ చట్టం సెక్షన్ 43. హక్కు ఉన్నవాళ్లకు తమ కంప్యూటర్ నెట్‌వర్క్ అందకుండా చేస్తే పరిహారం కోరవచ్చని అందులో ఉంది. దురుద్దేశంతో చేసినట్టయితే సెక్షన్ 66 కింద శిక్ష కూడా ఉంది. నోటీసులో ఈ రెండూ పెట్టాం. "ఏఎంసీ కడితే వస్తుంది" అన్న మాట వాట్సాప్‌లో కూడా పంపారు కాబట్టి దాని స్క్రీన్‌షాట్ జతచేశాం. కంట్రోలర్ పేరిట తీసుకున్న డబ్బు, సీలింగ్ ఖర్చు, గెస్టుల డేటా తొలగించినట్టు లిఖితపూర్వక హామీ, ఈ మూడూ అడిగాం. జవాబు ఇంకా రాలేదు. ఆ షాపు మనిషి మాత్రం రెండుసార్లు ఫోన్ చేసి, "అన్నా, కూర్చుని మాట్లాడుకుందాం" అంటున్నాడు. రాతలో పంపమని చెప్పాను.