ఆరేళ్లు వాడిన డ్రైవ్, అందులో ఒక ఎర్ర లైటు

మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌ని. 2019లో బ్లోయర్ మోటారుకి 15 హెచ్‌పీ వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) పెట్టాం. కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందో, బెల్టులు ఎన్నాళ్లు మన్నుతాయో అమ్మేవాళ్లే చెబుతారు కాబట్టి నేను మళ్లీ చెప్పను. ఈ డబ్బాలో నాకు నచ్చింది టెర్మినల్ కవరు తీస్తే కనబడే ఆవగింజంత ఎర్ర లైటు. పక్కన ‘ఛార్జ్’ అని రాసుంటుంది. మొదట్లో అదెందుకో కూడా పట్టించుకోలేదు.

2021 యాసంగి సీజన్‌లో ఒక రాత్రి డ్రైవ్ మాటిమాటికీ ఎర్త్ ఫాల్ట్ (కరెంటు ఎర్త్‌లోకి లీకవడం) చూపించి ట్రిప్ అయింది. మోటారు కేబుల్ విప్పి మెగ్గర్, అంటే ఇన్సులేషన్ పరీక్షించే మీటరు, పెడదామనుకున్నాం (కేబుల్ విప్పకుండా పెడితే డ్రైవే పోతుంది, ఒకసారి చేతులు కాల్చుకున్నాం). డ్రైవ్‌కి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపమని మా హెల్పర్‌కి చెప్పి నేను మెగ్గర్ తేవడానికి వెళ్లాను. ఆపాడు. డిస్‌ప్లే ఆరిపోయింది. కరెంటు లోపలికొచ్చే ఆర్, ఎస్, టీ టెర్మినళ్ల మీద టెస్టర్ పెట్టి చూస్తే వెలగలేదు. తిరిగొచ్చేసరికి స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపి నిలబడి ఉన్నాడు.

“అన్నా, మెయిన్ బంద్ చేసిన. గీ ఎర్ర లైటు ఇంకా పోతలేదేంది?”

మీటరు డీసీలో పెట్టి, డ్రైవ్ లోపలి డీసీ దొరికే పీ, ఎన్ టెర్మినళ్లకు ఆనించాను. 170 వోల్టులు. అంకె మెల్లగా దిగుతోంది, అంతే. వాడు విప్పబోయిన, మోటారుకి వెళ్లే యూ, వీ, డబ్ల్యూ స్క్రూలు వాటి పక్కనే, వేలెడు దూరం కూడా లేదు.

సంగతేంటంటే, 415 వోల్టుల త్రీఫేజ్ లోపల డీసీగా మారి 560 వోల్టుల పైనే కెపాసిటర్లలో నిల్వ ఉంటుంది. మెయిన్ ఆపినా అది వెంటనే పోదు. డిస్‌ప్లే నడిచేదీ ఆ డీసీతోనే, కాకపోతే వోల్టేజి కొంత పడగానే అది ఆరిపోతుంది. మిగిలింది లోపలే ఉంటుంది. కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్లు అడ్డం కాబట్టి ఇన్‌పుట్ వైపు టెస్టర్‌కీ దొరకదు. అంటే వాడు చూసిన రెండు గుర్తులూ అబద్ధమే చెప్పాయి. నిజం చెప్పింది ఆ లైటొక్కటే.

పది నిమిషాలు ఆగమని డ్రైవ్ పక్కన స్టిక్కరైతే ఉంది, ఇంగ్లీషులో. మా వాడు తెలుగే చదువుతాడు. మర్నాడే ప్యానెల్ తలుపు మీద పెయింటుతో పెద్దక్షరాల్లో రాశాను, ఎంసీబీకి తాళం కూడా తెచ్చాను. ఆ తర్వాత రెండేళ్లు కనబడ్డవాళ్లందరికీ ఈ లైటు గురించే చెప్పాను.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పోయిన వానాకాలం తవుడు దుమ్ము ఊడ్చడానికి కవరు తీశాం. లైటు వెలగడం లేదు. అలవాటు కొద్దీ మీటరు పెడితే 200 దాటి చూపించింది. ఎల్‌ఈడీ ఎప్పుడు కాలిపోయిందో ఎవరికీ తెలియదు. అది వెలుగుతుంటే లోపల కరెంటు ఉన్నట్టే. ఆరిందంటే మాత్రం లేదని కాదు. ఈ ముక్క నేను మొదటే చెప్పాల్సింది.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటానేమో. మాకు రెండు షిఫ్టులూ మీటరు పట్టుకోవడం తెలిసిన మనిషి ఉంటాడు. పగలు ఒక్క వైర్‌మన్‌తో నడిచే చిన్న మిల్లుకి సిఫారసు చేయాలంటే కొంచెం వెనకాడతాను. రిపేరుకి పంపితే వారం రోజులు బ్లోయర్ ఆగుతుంది, సీజన్ అయ్యాక చూద్దామన్నారు సేటు. ప్రస్తుతానికి ఆ లైటు మీద నల్ల టేపు ముక్క అంటించి ఉంచాను.