గ.సా.భా.తో మొదలైన పాఠం: ఒక ఐటీ విద్యార్థి అనుభవంలో ఎన్‌పీటీఈఎల్ పైథాన్ కోర్సు

విజయవాడ శివారులోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ శాఖలో నేను బి.టెక్. పూర్తి చేసి ఈ వేసవికి ఏడాది అవుతుంది. మాది తెనాలి దగ్గర పల్లె. సెలవులకు వెళ్లినప్పుడు ఐటీలో సీటు వచ్చిన పిల్లలూ వారి తల్లిదండ్రులూ ఏ కోచింగ్‌లో చేరాలి, ఏ పుస్తకం కొనాలి అని అడుగుతుంటారు. వారికి నేను మొదట చెప్పేది, ఆన్‌లైన్‌లో కళాశాల పాఠాలు అందించే ఎన్‌పీటీఈఎల్‌లో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ గారు బోధించే ఎనిమిది వారాల కోర్సు గురించి. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ (సమాచారాన్ని అమర్చుకునే తీరులు), అల్గారిథమ్స్ (ఒక పనిని అడుగడుగునా చేసే పద్ధతులు) అన్నది దాని విషయం. నోటిమాటగా చెబితే పూర్తిగా అందడం లేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్‌ను ప్రారంభించాయి. 2014 నుంచి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులు మొదలయ్యాయి. ఇప్పుడు వీటికి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్ ద్వారా నమోదు చేసుకోవాలి. పాఠాలు వినడానికి, వారం వారం అసైన్‌మెంట్లు చేయడానికి రుసుము లేదు. సర్టిఫికెట్ కావాలనుకున్నవారు మాత్రమే పరీక్షకు డబ్బు కట్టాలి. నేను రాసినప్పుడు అది 1000 రూపాయలు.

ఈ కోర్సు కంటే ముందు, రెండో సంవత్సరంలో, నేను మరో ఎన్‌పీటీఈఎల్ కోర్సు పన్నెండు వారాలు చేసి కూడా సర్టిఫికెట్ తెచ్చుకోలేకపోయాను. అది ఎందుకు రాలేదో తెలిస్తే ఇతరులకు ఉపయోగపడుతుంది. మా కళాశాలలో సెక్షన్ మొత్తాన్ని ఒకేసారి నమోదు చేయించి, ఎందుకు చేస్తున్నామో, ఎలా చదవాలో ఎవరూ చెప్పకుండానే వదిలేశారు. బుధవారం రాత్రి 11 గంటల 59 నిమిషాలకు అసైన్‌మెంట్ గడువు ముగుస్తుందనగా, పది గంటలకు వాట్సాప్ గ్రూపులో జవాబులు వచ్చేవి, అందరం వాటినే దించేవాళ్లం. అలా అసైన్‌మెంట్లకు 25కు 24 మార్కులు వచ్చాయి. పరీక్షలో 75కు 27 వచ్చాయి. మొత్తం 51 కదా, ఉత్తీర్ణత దక్కుతుందని అనుకున్నాను. అయితే ఆ కోర్సులో అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి, అందువల్ల సర్టిఫికెట్ రాలేదు. ఈ నియమం న్యాయమైనదనే నేను ఇప్పటికీ భావిస్తున్నాను, ఎందుకంటే ఆ 27 మార్కులే నాకు నిజంగా వచ్చిన చదువు. ప్రోగ్రామింగ్ కోర్సులలో మార్కుల లెక్క వేరుగా ఉండవచ్చు కనుక, ఏ కోర్సులో చేరినా ముందుగా దాని ప్రకటన పేజీని పూర్తిగా చదవాలి.

ఆ తరువాతి విడతలో ఎవరూ చేర్పించకుండా నా అంతట నేనే పైథాన్ కోర్సులో చేరాను. మొదటి పాఠం గరిష్ఠ సామాన్య భాజకం గురించి అని చూడగానే కొంత నిరాశ కలిగింది. గ.సా.భా., క.సా.గు. ఆరో తరగతిలోనే చేశాం, బి.టెక్.లో మళ్లీ ఇదేమిటి అనుకున్నాను. ముకుంద్ గారు ముందుగా రెండు సంఖ్యల కారణాంకాలన్నిటినీ జాబితాలుగా రాసి, ఉమ్మడిగా ఉన్నవాటిలో పెద్దదాన్ని తీసుకునే పద్ధతి చెప్పారు. ఆ తరువాత జాబితాలే అవసరం లేదన్నారు. ఆ తరువాత చిన్న సంఖ్య నుంచి కిందికి దిగుతూ వస్తే మొదట దొరికిన ఉమ్మడి కారణాంకమే జవాబు అన్నారు. చివరకు యూక్లిడ్ పద్ధతికి వచ్చి, ప్రతి అడుగులోనూ ఇదే జవాబు ఎందుకు వస్తుందో నిరూపించారు.

నేను వీడియో ఆపి, హాస్టల్ గదిలో తెల్లకాగితం మీద 1071, 462 అనే సంఖ్యలతో చేసి చూశాను. 462 నుంచి ఒక్కొక్కటి తగ్గించుకుంటూ వస్తే 21 దగ్గర ఆగడానికి 442 సంఖ్యలను పరీక్షించాలి. యూక్లిడ్ పద్ధతిలో 1071ని 462తో భాగిస్తే శేషం 147, 462ని 147తో భాగిస్తే శేషం 21, 147ని 21తో భాగిస్తే శేషం సున్న. మూడే భాగహారాలు. అప్పుడు గుర్తొచ్చింది: బడిలో మా మాస్టారు నేర్పిన భాగహార పద్ధతి ఇదే. ఏళ్ల తరబడి మార్కుల కోసం చేసిన లెక్కలో ఇంత ఆలోచన ఉందని ఆ రాత్రి వరకు నాకు తెలియదు. ఇంటర్మీడియట్ రెండేళ్లూ ‘ఇంపార్టెంట్ ప్రశ్నలు’ బట్టీ పట్టి వచ్చిన మా వంటివారికి ఈ కోర్సు చేసే అసలు మేలు ఇదే. జవాబు చెప్పి ఊరుకోదు, ఆ జవాబు సరైనదని ఎలా తెలుసు, ఇంతకంటే తక్కువ పనిలో రాదా అని అడిగిస్తుంది.

మరో సంఘటన పైథాన్‌లోని జాబితాలకు (లిస్ట్‌లకు) సంబంధించినది. ఒక జాబితా ముందు నుంచి చదివినా వెనుక నుంచి చదివినా ఒకటేనా అని చూసే ఫంక్షన్ (ఒక పని చేసే చిన్న ప్రోగ్రాము ముక్క) రాయాలనుకున్నాను. పరీక్షించడానికి ‘వికటకవి’ని అక్షరాలుగా విడదీసి ఇచ్చాను, అవునంది. సంతోషించి ‘విజయవాడ’ ఇచ్చాను, దానికీ అవునంది. గంటసేపు ఎక్కడ తప్పో తెలియలేదు. నేను జాబితాకు మరో పేరు పెట్టి, ఆ పేరుతో రివర్స్ చేసి, రెండు పేర్లనూ పోల్చాను. కానీ పైథాన్‌లో అలా పేరు పెడితే కొత్త జాబితా తయారుకాదు, ఉన్న ఒక్క జాబితాకే రెండో పేరు వస్తుంది. దాన్ని తిప్పితే రెండు పేర్లకూ తిరిగిన జాబితాయే కనిపిస్తుంది, తనతో తనను పోల్చుకుంటే ఎప్పుడూ సమానమే. మార్చడానికి వీలున్న విలువలు, వీలులేని విలువలు అంటూ ముకుంద్ గారు నిదానంగా చెప్పిన పాఠాన్ని మళ్లీ విన్న తరువాత, స్లైస్ చేసి (జాబితాలోని అంశాలను వేరే జాబితాగా కోసుకుని) కొత్త ప్రతి తీసుకోగానే ఫంక్షన్ సరిగా పనిచేసింది. ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూలో ఇదే విషయం అడిగినప్పుడు నేను వికటకవి ఉదాహరణతోనే జవాబు చెప్పాను.

తరువాతి వారాలలో వరుసలో పెట్టే పద్ధతులు, బ్యాక్‌ట్రాకింగ్ (దారి మూసుకుపోతే వెనక్కి వచ్చి మరో దారి వెతకడం), చదరంగంలో రాణుల సమస్య (ఏ రాణీ మరో రాణిని చంపలేని విధంగా బల్ల మీద అమర్చడం) వస్తాయి. చివరి వారం డైనమిక్ ప్రోగ్రామింగ్ నాకు చాలా నచ్చింది. ముందున్న రెండు సంఖ్యలను కలుపుతూ సాగే ఫిబొనాచి వరుసలో ఐదో సంఖ్య కోసం మూడోదాన్ని రెండుసార్లు, రెండోదాన్ని మూడుసార్లు లెక్కించడం ఎంత వృథాయో చెట్టులా గీసి చూస్తే, ఒకసారి చేసిన లెక్కను పట్టికలో దాచుకోవాలన్న ఆలోచన మనకే తడుతుంది.

పరిమితులు లేవని చెప్పను. బోధన ఇంగ్లీషులో సాగుతుంది. ఉచ్చారణ స్పష్టంగానే ఉన్నా, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు మొదటి రెండు వారాలు ప్రతి వీడియోనూ రెండుసార్లు చూడవలసి వస్తుంది. ఐదో వారం తరువాత వేగం పెరిగినట్లు అనిపిస్తుంది, అప్పటికే కళాశాలలో మిడ్ పరీక్షలు, ల్యాబ్ రికార్డులు మీద పడతాయి. అసైన్‌మెంట్ ప్రోగ్రాములను సరిచూడడానికి వాటికి ఇచ్చే నమూనా ఇన్‌పుట్లలో కొన్ని మాత్రమే ముందుగా కనిపిస్తాయి కనుక, ఖాళీ జాబితా ఇస్తే ఏమవుతుంది, ఒకే మూలకం ఉంటే ఏమవుతుంది అని మనమే ఆలోచించుకోవాలి. ఇక వెబ్‌సైట్ తయారుచేయడం, డేటాబేస్‌తో కలపడం వంటి పనులు ఈ కోర్సులో ఆశించకూడదు, వాటికి వేరే సాధన కావాలి.

డిగ్రీ కోసం సబ్జెక్టులు పాసై కూడబెట్టే పాయింట్లే క్రెడిట్లు, మా బి.టెక్.కు అవి మొత్తం 160. స్వయం కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవడానికి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనలు సెమిస్టర్‌కు 40 శాతం వరకు అవకాశమిస్తున్నాయి. అయితే ఏ కోర్సును ఏ సబ్జెక్టుకు బదులుగా అంగీకరిస్తారో కళాశాల అకడమిక్ విభాగంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్న తరువాతే రుసుము కట్టాలి.

నా సలహా అడిగితే, సి భాషలో డేటా స్ట్రక్చర్స్ ఒకసారి చదివిన తరువాత, రెండో సంవత్సరంలో ఈ ఒక్క కోర్సునే తీసుకోవాలి. ఒకే విడతలో మూడు కోర్సులకు నమోదు చేసుకున్న నా మిత్రులు చివరకు మూడింటికీ జవాబులు దించుకునే స్థితికి వచ్చారు. ఆదివారం రెండు గంటలు పాఠాలకు, సోమ, మంగళవారాలలో రోజుకో గంట ప్రోగ్రాములకు కేటాయిస్తే బుధవారం రాత్రి ఆందోళన ఉండదు. విడతలు జనవరిలోనూ జులైలోనూ మొదలవుతాయి. పరీక్షకు నమోదు చేసుకునేటప్పుడు నగరాన్ని ఎంచుకోవలసి ఉంటుంది, నాకు విజయవాడలోనే కేంద్రం దొరికింది. కేంద్రం ఊరి చివర ఉంటే ఉదయం తొమ్మిది గంటల పరీక్షకు నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి ఏ బస్సు వెళుతుందో ముందురోజే కనుక్కుని, హాల్‌టికెట్ ప్రింటు, ఒరిజినల్ గుర్తింపు కార్డు సిద్ధం చేసుకోవడం మంచిది.