పర్పుల్, బ్లూ బల్బుల ప్యాక్: వైజాగ్‌లో ఏది పూస్తుంది, ఏది డబ్బు దండగ

ఆన్‌లైన్‌లో పర్పుల్, బ్లూ స్ప్రింగ్ బల్బుల (అంటే వసంతంలో పూసే పూల దుంపల) కలెక్షన్ అని ఒక ప్యాక్ అమ్ముతున్నారు, ఫొటో చూస్తే కొనకుండా ఉండలేం. వైజాగ్‌లో మిద్దె తోట పెంచేవాళ్ళు దీని గురించి అడుగుతూనే ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, దుంపల నాణ్యతకి నాలుగు స్టార్లు, వాటితో వచ్చిన కాగితానికి ఒక్కటే. అమ్మినవాళ్ళ పేరు రాయను, ఎందుకంటే ఇదే ప్యాక్‌ని ఇవే ఫొటోలతో చాలామంది అమ్ముతున్నారు, సమస్య కూడా అందరి దగ్గరా ఒకటే.

ప్యాక్‌లో వచ్చినవి: నీలం, ఊదా హైయసింత్‌లు (ఒకే కాడ నిండా వాసనొచ్చే పూలు పూస్తాయి), మస్కారి (గుత్తులుగా చిన్న నీలం గంటలు వేలాడతాయే, అది), క్రోకస్, పొట్టి ఐరిస్, పొడుగు డచ్ ఐరిస్, కొన్ని పర్పుల్ ట్యులిప్‌లు. గాలి ఆడే వల సంచుల్లో పెట్టి, అట్టపెట్టెకి కన్నాలు పెట్టి పంపారు, అది నాకు బాగా నచ్చింది. అక్టోబర్ ఉక్కలో లారీల్లో తిరిగి వచ్చే దుంపల్ని ప్లాస్టిక్ కవర్లో మూసి పంపితే ఇంటికొచ్చేసరికి నీలం బూజు పట్టి ఉంటుంది.

దుంప చేతికి రాగానే చూడాల్సినవి చూడండి. గట్టిగా ఉండాలి, సైజుకి తగ్గ బరువు ఉండాలి, కింద వేర్లు వచ్చే బిళ్ళ దగ్గర బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు. హైయసింత్‌లో ఇంకో ముచ్చట ఉంది: పువ్వు రంగు పొట్టు మీదే తెలిసిపోతుంది. నీలం, ఊదా పూలు పూసే దుంపకి పొట్టు వంగపండు రంగులో, ఉల్లిపొట్టులాగా నిగనిగలాడుతూ ఉంటుంది, తెల్లపూల దుంపకి పొట్టు పాలిపోయి ఉంటుంది. బ్లూ అని రాసిన సంచిలో పాలిపోయిన దుంప కనిపిస్తే ఆ నిమిషమే ఫొటో తీసి పంపండి. నాకు రంగుల్లో తేడా రాలేదు కానీ ఒక హైయసింత్ మెత్తబడి ఉంది, ఫొటో పెడితే గొడవ లేకుండా దాని డబ్బు వెనక్కి ఇచ్చారు.

ఇక ఆ కాగితం సంగతి. "అక్టోబర్, నవంబర్‌లలో బయట నేలలో నాటండి, వసంతంలో పూస్తాయి" అని మాత్రమే రాసి ఉంది. ఆ మాట చలిదేశాల వాళ్ళకి అక్షరాలా నిజం. అక్కడ నాటిన దుంప మంచు నేలలో నెలల తరబడి పడుకుని, ఆ చలి వల్లే లోపల పూకాడ సాగడానికి సిద్ధమవుతుంది. హైయసింత్‌కి 10 నుంచి 14 వారాలు, ట్యులిప్‌కి 12 నుంచి 16 వారాలు, మస్కారి, క్రోకస్‌లకి కూడా దాదాపు 12 వారాలు 4 నుంచి 9 డిగ్రీల మధ్య చలి కావాలి. మనకి జనవరిలో తెల్లవారుజామున కూడా 17, 18 డిగ్రీలకంటే పెద్దగా దిగదు, మధ్యాహ్నానికి మళ్ళీ 28 దాటుతుంది. ఆ కాగితం నమ్మి ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో అక్టోబర్‌లో నేలలో పాతేస్తే, తుపాను వానలకి సగం దుంపలు కుళ్ళిపోతాయి, మిగిలినవి ఆకులేసి ఊరుకుంటాయి. డబ్బు తీసుకుని ఇంటికి పంపేవాళ్ళు పిన్‌కోడ్ చూస్తారు కదా, 530తో మొదలయ్యే పిన్‌కోడ్‌కి ఇంకో కాగితం పెట్టడానికి ఏమంత ఖర్చవుతుంది? నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే. మొదటిసారి బల్బులు కొన్నవాళ్ళు పూలు రాకపోతే తమ చెయ్యి మంచిది కాదనుకుంటారు, మళ్ళీ కుండీ జోలికి పోరు.

మా దగ్గరి నర్సరీ ఆయనకి దుంపలు చూపిస్తే ఒక్కమాటలో తేల్చేశాడు: "ఏటమ్మా, ఇది చలి దుంప. ఫ్రిజ్‌లో ఎట్టకపోతే పువ్వు రాదు." అంతే, ఆ ముక్క ప్యాక్ మీద ఉంటే చాలు.

ఫ్రిజ్ పద్ధతి కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. కూరగాయల అర ఖాళీ చేసి, దుంపల్ని కాగితం సంచిలో గానీ వల సంచిలో గానీ పెట్టండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, గడ్డకడితే దుంప చచ్చిపోతుంది. యాపిల్, అరటి, మామిడి లాంటి పండే పళ్ళు ఆ ఫ్రిజ్‌లో ఉండకూడదు, ఎందుకంటే పళ్ళ నుంచి వచ్చే ఇథిలిన్ గ్యాస్ దుంప లోపల ఉన్న పూమొగ్గని చంపేస్తుంది, పైకి మాత్రం దుంప బాగానే కనిపిస్తుంది. ఇంట్లో రెండో ఫ్రిజ్ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. లెక్క వెనక నుంచి వేసుకోండి. మనకి పూలు నిలబడే చల్లటి రోజులు డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకే, కాబట్టి డిసెంబర్ మధ్యలో కుండీలోకి రావాలంటే సెప్టెంబర్‌లోనే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. చాలామంది అమ్మేవాళ్ళు అక్టోబర్ చివరికి గానీ పంపరు, అప్పుడు చలి వారాలు తగ్గిపోతాయి, లేదా పూలు ఫిబ్రవరి ఎండలోకి జరుగుతాయి. అందుకే ముందే చలి పెట్టిన దుంపలు, అంటే ప్రీ-చిల్డ్ అని స్పష్టంగా రాసి అమ్మేవి దొరికితే కాస్త ఎక్కువైనా అవే కొనండి.

ఈ ప్యాక్‌లో నా మనసు గెలిచింది హైయసింత్. డెల్ఫ్ట్ బ్లూ అనే రకం లేత నీలం, బ్లూ జాకెట్ ముదురు నీలం, రేకు మధ్యలో ఊదా గీత ఉంటుంది, వుడ్‌స్టాక్ నేరేడుపండు రంగు. వీటికి చలి పూర్తిగా అందితే కాడ నిలువుగా లేచి కింద నుంచి పైకి ఒక్కో గంటా విచ్చుకుంటుంది, సాయంత్రానికి హాలంతా వాసన. చలి చాలకపోతే మాత్రం పువ్వు ఆకుల మధ్యే ఇరుక్కుని, దుంప మెడ దగ్గరే పూసి ఆగిపోతుంది, అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఫ్రిజ్‌లోంచి తీశాక ఒకేసారి ఎండలో పెట్టకండి, మొలక రెండంగుళాలు వచ్చేవరకు చీకటి మూలలో ఉంచితే కాడ సాగుతుంది. గాజు సీసాలో నీళ్ళ మీద కూడా పెంచవచ్చు, దుంప అడుగు నీటికి తగలకుండా కొంచెం పైన ఉండాలి, వేర్లే కిందికి దిగుతాయి. పువ్వు మన వేడికి వారం నిలిస్తే గొప్ప, రాత్రి ఏసీ గదిలో పెట్టుకుంటే ఇంకొన్నాళ్ళు వస్తుంది.

మస్కారి చిన్న దుంప కాబట్టి ఫ్రిజ్‌లో పొడిగా ఉంచితే ఎండిపోతుంది. దీన్ని చిన్న కుండీలో తడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మిశ్రమంలో దగ్గరదగ్గరగా నాటి, కుండీతో సహా ఫ్రిజ్‌లో పెట్టడం మేలు, లోపలే వేర్లు పట్టేస్తాయి. పూలు వచ్చాక దగ్గరకెళ్ళి చూడండి, ప్రతి గంట అంచుకీ సన్నటి తెల్ల గీత ఉంటుంది. ఒంటరిగా ఒకటి రెండు దుంపలు పెడితే కనిపించవు, ఒక కుండీకి పదిహేను ఇరవై అయినా ఉంటేనే అందం. ఆ లెక్కన ప్యాక్‌లో ఇచ్చినవి తక్కువ.

డచ్ ఐరిస్ మీద మొదట నాకు పెద్ద ఆశ లేదు, కానీ వైజాగ్ వాళ్ళకి నేను గట్టిగా సిఫార్సు చేసేది దీన్నే. మిగతావాటంత చలి అడగదు, కాడ పొడుగ్గా నిలబడుతుంది, నెమలికంఠం నీలం మీద పసుపు మచ్చ. కోసి వాజులో పెట్టుకోవడానికి కూడా బాగుంటుంది. పొట్టి ఐరిస్, వల అల్లినట్టున్న పొట్టుతో చిన్న దుంప ఉంటుంది చూడండి, దానికి చల్లటి వసంతం కావాలి, మన దగ్గర వద్దు. క్రోకస్ కూడా అంతే. ఇంకో హెచ్చరిక: కొందరు కుంకుమపువ్వు దుంపని కూడా స్ప్రింగ్ క్రోకస్ అని కలిపి అమ్ముతున్నారు. అది కాశ్మీర్ పాంపోర్‌లో అక్టోబర్, నవంబర్‌లలో పూసేది, వసంతంలో పూసేది కాదు.

ట్యులిప్ గురించి మాత్రం నిజం చెప్పాలి. అసలు నీలం ట్యులిప్ అనేది లేదు. బ్లూ పారట్, బ్లూ డైమండ్ అని పేర్లలో బ్లూ ఉంటుంది, పూసేది ఊదా రంగే. క్వీన్ ఆఫ్ నైట్ అనేది నలుపుకి దగ్గరైన ముదురు మెరూన్. ముదురు నీలం ట్యులిప్ ఫొటో ఎక్కడ కనిపించినా అది కంప్యూటర్‌లో మార్చిన రంగే, ఆ పేజీ మూసేయండి. ఢిల్లీ రోడ్ల పక్కన ట్యులిప్‌లు చూసి ఇక్కడా వస్తాయనుకుంటారు, అక్కడ దుంపలు ఎక్కువగా నెదర్లాండ్స్ నుంచి తెప్పించి నాటతారు, పైగా ఢిల్లీ రాత్రుల చలి వేరు. ఒకసారి ముచ్చటకి ఫ్రిజ్ దుంపతో పూయించుకోవచ్చు గానీ డబ్బుకి తగ్గ ఫలితం కాదు.

రంగులు కలిపేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ముదురు ఊదా, ముదురు నీలం దూరం నుంచి కనపడవు, సాయంత్రం వెలుతురు తగ్గగానే చీకట్లో కలిసిపోతాయి. వాటిని మీరు కూర్చునే కుర్చీ పక్కన పెట్టుకోండి, లేత నీలం, లావెండర్ రంగులవి పిట్టగోడ వైపు పెట్టండి. వెనక తెల్ల సున్నం గోడ ఉంటే ఏ నీలమైనా నిగ్గుతేలుతుంది.

పెరట్లో నేల మీద వరసగా నీలం, ఊదా కావాలంటే ఈ ప్యాక్ అసలు కొనకండి. గ్లాడియోలస్ దుంపలు తీసుకోండి, ఊదా రంగులో చక్కగా దొరుకుతాయి, చలి అక్కర్లేదు, తుపాను వానలు తగ్గాక నవంబర్‌లో మూడు నాలుగంగుళాల లోతున నాటితే దాదాపు మూడు నెలలకి పూస్తాయి. పదిహేను రోజుల తేడాతో విడతలుగా నాటుకుంటే పూలు ఒకేసారి అయిపోవు. సముద్రం గాలికి వాలిపోతాయి కాబట్టి నాటిన రోజే పక్కన కర్ర పాతండి, తర్వాత పాతితే దుంపకి తగులుతుంది. వాటి వెనక వరసకి మన డిసెంబరాలు ఉండనే ఉన్నాయి, దుంప కాదు కానీ ఆ ఊదాకి సాటి లేదు, ఖర్చూ లేదు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది. గ్రిల్ మీదకి నీలం శంఖుపూలు పాకించండి. అగపాంథస్ కూడా బ్లూ లిల్లీ అని అమ్ముతున్నారు, ఆకు బాగా వస్తుంది గానీ మన తీరం వేడికి పువ్వు మీద భరోసా ఇవ్వలేను.

మట్టికి ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్, ఏటి ఇసుక కలపండి. బీచ్ దగ్గరే కదా అని ఆ ఇసుక మాత్రం తేవద్దు, ఉప్పుకి వేర్లు మాడిపోతాయి. కుండీ కింద కన్నం మూసుకోకుండా పెంకు ముక్క వేయండి, నాటే ముందు దుంపలకి సాఫ్ అనే బూజు మందు పొడి పట్టిస్తే కుళ్ళు తగ్గుతుంది.

కొనేముందు అమ్మేవాళ్ళని సైజు అడగండి. దుంపల్ని చుట్టుకొలత సెంటీమీటర్లలో లెక్కగడతారు. హైయసింత్ 15/16 (అంటే 15 నుంచి 16 సెంటీమీటర్లు) గానీ అంతకంటే పెద్దది గానీ, ట్యులిప్ 12 పైన, మస్కారి 8/9 కంటే తగ్గకూడదు. సైజు చెప్పనివాళ్ళ దగ్గర చవగ్గా వస్తోందని తీసుకోకండి, చిన్న దుంపకి ఆకులే వస్తాయి. పూశాక మన ఊళ్ళో ఆ దుంప మళ్ళీ పూయదు, ఏడాది ఖర్చు కిందే లెక్కేసుకోవాలి. ఈ ఒక్క కారణం వల్ల పెద్ద మిక్స్ ప్యాక్ కాకుండా హైయసింత్ కొన్ని, డచ్ ఐరిస్ కొన్ని విడిగా కొనడమే లాభం. అరకు, చింతపల్లి వైపు ఇల్లున్నవాళ్ళకి లెక్క కొంచెం మారుతుంది. అక్కడి చలికి కూడా ఫ్రిజ్ మానేయలేం గానీ పూసిన పువ్వు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

చివరగా, హైయసింత్ దుంప చూడ్డానికి అచ్చం ఉల్లిపాయే, పైగా కూరగాయల అరలో ఉంటుంది. ఇది తింటే విషం, తాకినా కొందరికి చేతులు దురద పెడతాయి, కాబట్టి గ్లౌజులు వేసుకోండి. సంచి మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "పూల దుంపలు, కూరకి కాదు" అని రాసి అంటించండి, వంటకి వచ్చే మనిషికి, ఇంట్లో పెద్దవాళ్ళకి నోటితో కూడా చెప్పండి. కుక్క గానీ పిల్లి గానీ ఉంటే కుండీల్ని దానికి అందనంత ఎత్తులో పెట్టండి.