ప్రెస్ డాబా మీద సోలార్: ప్యానెళ్లకు నాలుగు స్టార్లు, పెట్టినవాళ్లకు రెండు

మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. మిషన్లు పొద్దున మొదలై సాయంత్రానికి ఆగిపోతాయి, అంటే ఎండ ఉన్నంతసేపే మా వాడకం కాబట్టి సోలార్ మాకు సరిపోతుందని 20 కిలోవాట్లు పెట్టించాం. ఏడాది దాటింది, యూనిట్లు బాగానే తగ్గాయి, అందులో వంక పెట్టడానికి లేదు.

అసలు చిక్కు మొదటిసారి కరెంటు పోయినప్పుడు తెలిసింది. నడినెత్తిన ఎండ, పైన ప్యానెళ్లు మెరుస్తున్నాయి, కింద మాత్రం చీకటి! సోలార్ పెట్టినవాళ్లకు ఫోన్ చేస్తే అప్పుడు చెప్పారు: బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి, అంటే బయటి కరెంటు లైన్‌కి కలిపిన ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును మిషన్లు వాడుకునేలా మార్చే పెట్టె) లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుందట, లేకపోతే లైన్ మీద పనిచేసేవాళ్లకు ప్రమాదం. న్యాయమే, కానీ ఆ ముక్క డబ్బులు తీసుకునే ముందు చెప్పాలి కదా.

ఇంకోటి, నీళ్ల ట్యాంకు నీడ. ప్యానెళ్లను వరసలుగా కలుపుతారు, ఒక వరసలో రెండింటి మీద నీడ పడినా ఆ వరస మొత్తం ఉత్పత్తి దెబ్బతింటుంది. సైట్ చూసిపోయినవాళ్లు పొద్దున ఒక్కసారే వచ్చారు, నీడేమో సాయంత్రం పడుతుంది. వాటిని జరిపించడానికి మూడు నెలలు వెంటపడ్డాను.

వేసవిలో ఉత్పత్తి దంచేస్తుందనీ అన్నారు. అదీ పూర్తిగా నిజం కాదు. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి, ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం పోతుంది, ప్యానెల్ 60 డిగ్రీలకు కాలితే పదో వంతుకు పైనే గాలికి.

గాలి అంటే గుర్తొచ్చింది, డాబా మీద చిన్న గాలిమర కూడా అంటగట్టబోయారు. గాలి వేగం సగమైతే వచ్చే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, చుట్టూ బిల్డింగులు ఉన్నచోట అది బొమ్మే. వద్దన్నాను.

పెట్టుబడి సోలార్ కంపెనీదే, వాడిన యూనిట్‌కి ఇంత అని మనం కట్టే పద్ధతీ ఉంది. చేతిలో డబ్బు లేనివాళ్లకు మంచిదే గానీ ఒప్పందం ఏళ్ల తరబడి ఉంటుంది, అద్దె బిల్డింగులో ఉంటే టెన్షన్. మాది సొంతం కాబట్టి కొనేశాం.

బిల్లులో డిమాండ్ చార్జీ (ఒకేసారి లాగిన అత్యధిక లోడ్‌ని బట్టి వేసేది) మాత్రం దాదాపు కదల్లేదు, మబ్బు పట్టిన రోజు మిషన్లన్నీ ఒకేసారి లాగితే మీటర్ పట్టేది ఆ గరిష్ఠాన్నే. ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ అని గొప్పగా చెప్పి, ఇన్వర్టర్‌ని మధ్యలో ఒకసారైనా మార్చాల్సి వస్తుందన్న ఖర్చు కొటేషన్‌లో ఎక్కడా చూపించలేదు. బ్యాటరీ కొటేషన్ ఇప్పుడు వేరేవాళ్లను అడిగాను.