షార్ప్ ఆబ్జెక్ట్స్: ఫోను పక్కన పెట్టి, లైటు ఆర్పి చూడాల్సిన సిరీస్

హంతకుడెవరో తెలుసుకోవడానికే కూర్చుంటే 'షార్ప్ ఆబ్జెక్ట్స్' మూడో ఎపిసోడ్‌కల్లా విసుగు పుట్టిస్తుంది. ఒక తల్లి ముగ్గురు ఆడపిల్లల్ని ఎలా పెంచింది, ఆ పెంపకం వాళ్ల ఒంటి మీద ఏం మిగిల్చింది అన్నది చూడాలనుకుంటే మాత్రం, టీవీలో ఇంతకన్నా నిజాయితీగా తీసిన కథ దొరకడం కష్టం. మొదటి రకం ప్రేక్షకులే మన దగ్గర ఎక్కువ కాబట్టి ముందే చెప్పడం మంచిది. ఇది నేరపరిశోధన కాదు, ఒక ఇంటి కథ. ముగింపు ఇక్కడ చెప్పడం లేదు, భయం లేకుండా చదవొచ్చు.

అమెరికా టీవీ చానెల్ హెచ్‌బీఓ దీన్ని 2018 జులై 8 నుంచి ఆగస్టు 26 దాకా వారానికొకటి చొప్పున 8 ఎపిసోడ్లుగా ప్రసారం చేసింది. కథ అక్కడితో పూర్తి, రెండో సీజన్ లేదు. జిలియన్ ఫ్లిన్ 2006లో రాసిన తొలి నవల దీనికి ఆధారం. సిరీస్‌గా రూపొందించింది మార్టీ నాక్సన్. ఎనిమిది ఎపిసోడ్లకీ దర్శకుడు ఒక్కరే, జాన్ మార్క్ వాలే. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకే చేతి పని అని తెలిసిపోతుంది.

కమీల్ ప్రీకర్ (ఎమీ ఆడమ్స్) సెయింట్ లూయిస్‌లో పత్రికా విలేకరి. మిస్సోరీ రాష్ట్రంలో విండ్ గ్యాప్ అనే చిన్న ఊరు ఆమె పుట్టిల్లు. అక్కడ ఒక ఆడపిల్ల హత్యకి గురైంది, ఇంకో పిల్ల కనిపించడం లేదు. వెళ్లి వార్త రాసుకురమ్మని ఎడిటర్ పంపిస్తాడు. ఊళ్లో హోటలు ఉన్నా చివరికి తల్లి అడోరా ఇంట్లోనే దిగాల్సి వస్తుంది. ఇంట్లో సవతి తండ్రి, చెల్లెలు ఆమ్మా. ఇంకో చెల్లెలు మేరియన్ చిన్నప్పుడే చనిపోయింది.

విండ్ గ్యాప్ ఎండ చూస్తే బెజవాడ వాళ్లకి రోహిణీ కార్తె గుర్తొస్తుంది. ప్రతి గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, మెడ మీద చెమట ఆరదు. అంత ఉక్కలో కమీల్ మాత్రం నల్లటి ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు వేసుకుని తిరుగుతుంది. "ఈ ఎండలో ఆ బట్టలేంటమ్మా" అని మన వీధిలో అయితే మొదటిరోజే ఎవరో ఒకరు అడిగేస్తారు. మొదటి ఎపిసోడ్ చివరి షాట్‌లో దానికి జవాబు ఉంటుంది. ఆమె ఒళ్లంతా తనే చెక్కుకున్న మాటలు, పాత మచ్చలుగా మారి ఉంటాయి. ప్రతి ఎపిసోడ్ పేరూ ఆ మాటల్లో ఒకటే. 'వానిష్', 'డర్ట్', 'ఫిక్స్', అలా చివరి 'మిల్క్' దాకా.

ఈ సిరీస్‌లో అసలు గొప్పతనం ఎడిటింగ్‌లో ఉంది, చాలామంది దెబ్బతినేదీ అక్కడే. నవల కమీల్ గొంతుతో నడుస్తుంది. సిరీస్ ఆ గొంతు మీద ఆధారపడకుండా, ఆమెకి ఏం గుర్తొస్తోందో అర సెకను, సెకను నిడివి ముక్కలుగా మధ్యలో విసిరేస్తుంది. మొదటి ఎపిసోడ్ ఆరంభమే చూడండి. ఇద్దరు ఆడపిల్లలు స్కేట్స్ మీద ఊరంతా తిరిగి ఇంటికొస్తారు, చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్లి ఒక తలుపు తీస్తారు. ఆ తలుపు అవతల ఉన్నది మాత్రం ఆ ఇల్లు కాదు. ఇరవై ఏళ్లకు పైగా దాటిపోయాక, సెయింట్ లూయిస్ ఫ్లాట్‌లో నిద్రపోతున్న పెద్ద కమీల్ గది అది. "ఫ్లాష్‌బ్యాక్" అన్న సూచన లేదు, రంగు మారదు, సంగీతం మారదు. గతం పక్కగదిలోనే ఉందన్న మాటని ఒక్క తలుపుతో చెప్పేశారు. ఈ ఒక్క సీను రెండుసార్లు చూస్తే మిగతా ఏడు గంటలు ఎలా చూడాలో అర్థమవుతుంది.

అందుకే ఫోన్లో, బస్సులో, పని చేసుకుంటూ చూడకండి. మధ్యాహ్నం కిటికీ తెరిచిన హాల్లో చూసినా సగం పోతుంది. చాలా సీన్లు గదిలో ఉన్న వెలుతురుతోనే తీసినట్టు ఉంటాయి, టీవీ మీద ట్యూబ్‌లైటు మెరుపు పడితే చీకటి మూలలు కనిపించవు. ఆ మూలల్లోనే మాటలు దాక్కుని ఉంటాయి. కారు మీద దుమ్ములో, గోడ మీద, బోర్డు మీద ఒక మాట క్షణం కనిపిస్తుంది, కమీల్ మళ్లీ చూసేసరికి అది ఇంకో మాట. అవన్నీ పట్టుకోవాల్సిన పని లేదు, నాలుగైదు కనిపించినా చాలు. టీవీ సెట్టింగుల్లో పిక్చర్ మోడ్ 'సినిమా' లేదా 'మూవీ' పెట్టి, కదలికని నున్నగా చేసే 'మోషన్ స్మూతింగ్' ఆపేయండి. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది. అది పనిచేస్తుంటే ఈ చిన్న చిన్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయి, సబ్బు మీద జారినట్టు కనిపిస్తాయి.

హెచ్‌డీలో గంటకి రెండు మూడు జీబీ ఖర్చవుతుంది. రోజుకి 1.5 జీబీ మొబైల్ ప్యాక్ హాట్‌స్పాట్ పెట్టి టీవీకి ఇస్తే ఎపిసోడ్ సగంలోనే నాణ్యత పడిపోతుంది, చీకటి సీన్లు గళ్లుగళ్లుగా విరిగిపోతాయి. ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఉంటేనే మొదలుపెట్టండి. హెచ్‌బీఓ సిరీస్‌లు ఇప్పుడు మన దగ్గర జియోహాట్‌స్టార్‌లో వస్తున్నాయి. మాటలు ఇంగ్లీషులోనే వినండి, సబ్‌టైటిల్స్ మాత్రం తప్పనిసరిగా పెట్టుకోండి. అది అమెరికా దక్షిణాది సాగతీత యాస. పైగా అడోరా మనసుకి గుచ్చుకునే మాటలన్నీ గొంతు పెంచకుండా, దాదాపు గుసగుసగా అంటుంది. వాల్యూమ్ పెంచితే తర్వాత వచ్చే పాట చెవులు పగలగొడుతుంది. హెడ్‌ఫోన్స్ అయితే ఈ బాధ లేదు.

పాత్రలు కలిసిపోవడం ఇంకో ఇబ్బంది. గతంలో కనిపించే ఆడపిల్లలు ముగ్గురు. స్కేట్స్ మీద తిరిగే పెద్దపిల్ల చిన్ననాటి కమీల్ (సోఫియా లిల్లిస్). జబ్బుపడి మంచం మీద ఉండే చిన్నపిల్ల మేరియన్. ఆస్పత్రి గదిలో పక్క మంచం మీద కనిపించే అమ్మాయి ఆలిస్ (సిడ్నీ స్వీనీ). ఆమె ఈ కుటుంబం మనిషి కాదు, కమీల్ చికిత్సకి చేరినప్పటి స్నేహితురాలు. స్కేట్స్ వేసుకుని వర్తమానంలో తిరిగేది ఆమ్మా (ఎలైజా స్కాన్లెన్). రెండు కాలాల్లోనూ స్కేట్స్ ఉండటం దర్శకుడు కావాలని చేసిన పని. ఇంత మాత్రం ముందే తెలిసుంటే రెండో ఎపిసోడ్‌లో తికమక పడరు. చనిపోయిన పిల్లల ఇళ్ల పేర్లు నాష్, కీన్. ఊరంతా అనుమానించేది నాష్ వాళ్ల తండ్రిని, కీన్ వాళ్ల అబ్బాయిని.

అడోరాగా ప్యాట్రీషియా క్లార్క్‌సన్ నటన గురించి ఎంత రాసినా తక్కువే. 2019లో ఆమెకి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. తెలుగు సీరియళ్లలో చెడ్డ తల్లి అంటే కనుబొమ్మలెగరేసి, కెమెరా మూడుసార్లు తిరిగితే గానీ తెలియదు. ఈవిడ ఎప్పుడూ మెత్తగానే మాట్లాడుతుంది. ఊళ్లో పందుల ఫారం వాళ్లదే, సగం ఊరు ఆ డబ్బు మీదే బతుకుతుంది, పోలీసు అధికారి సాయంత్రం ఆమె వరండాలో కూర్చుని మాట్లాడి వెళతాడు. ఆమె పడకగదిలో నేలంతా ఏనుగు దంతం. పిల్లలు దాని మీద అడుగు పెట్టకూడదు. ఆమ్మా దగ్గర అదే ఇంటికి నకలుగా ఒక బొమ్మరిల్లు ఉంటుంది. అందులో తల్లి గది నేల కూడా అచ్చం అలాగే ఉండాలని ఆ పిల్ల పట్టుపడుతుంది. బొమ్మరిల్లు కనిపించిన ప్రతిసారీ కళ్లు అక్కడే పెట్టండి.

"జనం ఏమనుకుంటారు" అన్న మాట గుంటూరు జిల్లాలో పెరిగిన వాళ్లెవరికీ కొత్త కాదు. అడోరా నోట వచ్చే మాటలన్నీ దానికి చుట్టాలే. కూతురు వార్త రాస్తుందంటే ఆమెకి చనిపోయిన పిల్లల కన్నా తన పరువే ముందు గుర్తొస్తుంది. ఐదో ఎపిసోడ్ 'క్లోజర్'లో బట్టల కొట్టు ట్రయల్ రూమ్ సీను ఉంది. చేతులూ మెడా కప్పని డ్రెస్సు ఇచ్చి, కమీల్ సొంత బట్టలు తల్లి తీసేసుకుంటుంది. తలుపు తెరుచుకునేసరికి చెల్లెలికీ తల్లికీ ఆ మచ్చలన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. ఎమీ ఆడమ్స్ అక్కడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడుతుంది, అంతే. తల్లి ముఖంలో మొదట కనిపించేది జాలి కాదు, తన వస్తువుని ఎవరో పాడుచేశారన్న కోపం. మొత్తం సిరీస్‌లో అన్నిటికన్నా బాధపెట్టే మూడు నిమిషాలు ఇవే. ఇందులో హత్య లేదు, రక్తం లేదు.

తనని తాను గాయపరచుకునే మనుషుల గురించి ఈ సిరీస్ కొన్ని విషయాలు సరిగ్గా పట్టుకుంది. అది నలుగురి దృష్టిలో పడటానికి చేసే పని కాదు. కమీల్ బతుకంతా దాన్ని దాచడానికే సరిపోతుంది. పైకి చెప్పుకోలేని బాధ ఉప్పెనలా వచ్చినప్పుడు కాసేపు తగ్గించుకోవడానికి చేసే పని అది, ఆ తగ్గడం నిలవదు. మచ్చలు మానిన ఏళ్ల తర్వాత కూడా ఒత్తిడి వస్తే ఆమె చూపు గదిలోని వస్తువుల మీదికి ఎలా వెళ్తుందో కెమెరా చెబుతుంది. నీళ్ల సీసాలో వోడ్కా పోసుకుని తాగడం అదే గాయానికి ఇంకో ముఖం.

లోటు కూడా ఇక్కడే ఉంది. కోలుకోవడం అనేది దాదాపు లేదు. చికిత్సాలయం ఒక విషాదానికి వేదికగా మాత్రమే వస్తుంది. చూసిన పిల్లలకి "అక్కడికి వెళ్లినా లాభం లేదు" అన్న తప్పుడు అభిప్రాయం కలగవచ్చు. నిజానికి ఈ అలవాటుకి పనిచేసే చికిత్సలున్నాయి. భావోద్వేగాల్ని తట్టుకోవడం నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ ప్రత్యేకంగా ఇలాంటి వాళ్ల కోసమే పుట్టింది. ఒక్క సీనైనా దానికి ఇచ్చి ఉండాల్సింది.

నాలుగు, ఆరు ఎపిసోడ్లు సాగుతాయి. కాన్సాస్ సిటీ నుంచి వచ్చిన డిటెక్టివ్‌తో (క్రిస్ మెస్సీనా) కమీల్ ప్రేమ వ్యవహారం నమ్మకంగా లేదు, విలేకరిగా ఆమె చేసే పనులు ఏ డెస్కులోనూ ఒప్పుకోరు. పోలీసు దర్యాప్తు పల్చన. ఇవి క్షమించగలిగిన లోపాలే.

మూడో ఎపిసోడ్‌లో ఆత్మహత్య ఉంది. ఆ బాధని దగ్గరగా చూసినవాళ్లు, ప్రస్తుతం మనసు బాగాలేని వాళ్లు మొత్తం సిరీస్‌నే పక్కన పెట్టడం మేలు. ఇంటర్ పిల్లలకి దీన్ని "మంచి సిరీస్" అని అప్పగించేయొద్దు, అత్తగారితో హాల్లో కూర్చుని చూసేదీ కాదు. ఎపిసోడ్ చివర సాయం కోసం ఇచ్చే నంబరు అమెరికాది, ఇక్కడ కలవదు. మన దగ్గర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంది. ఆత్మహత్యాయత్నం జరిగితే కేసవుతుందని భయపడి ఇళ్లలో దాచేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావిస్తారు, శిక్షించకూడదు.

తల్లిదండ్రులకి ఒక్క మాట. మన ఊళ్లో ఎండకి స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలందరూ పొడుగు గ్లౌజులు, చున్నీ చుట్టుకునే వెళతారు, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. ఇంట్లో ఫ్యాను కింద కూడా చేతులు కప్పుకునే ఉంటే, అన్నం తినేటప్పుడు కూడా చొక్కా చేతులు పైకి తియ్యకపోతే, ఒంటరిగా కూర్చోబెట్టి మెల్లగా అడగండి. చెయ్యి పట్టుకుని లాగి చూడకండి. ఆ ట్రయల్ రూమ్‌లో అడోరా చేసింది అదే.

చూసే వేళ విషయానికొస్తే, రాత్రికి రెండు ఎపిసోడ్లు, నాలుగు రాత్రులు. మొదటి రెండూ కలిపి చూస్తేనే లయ పట్టుబడుతుంది. ఏడు, ఎనిమిది విడదీయకండి. ఎనిమిదో ఎపిసోడ్ కథ అయిపోయినట్టు అనిపించి పేర్లు మొదలవగానే యాప్ దాన్ని మూలకి కుదించి వేరే సిరీస్ చూపించడం మొదలుపెడుతుంది. వెంటనే రిమోట్ తీసుకుని తెర పూర్తి సైజుకి తెచ్చుకోండి. పేర్ల మధ్యలో కొన్ని క్షణాల షాట్లు, అన్నీ అయిపోయాక ఇంకొకటి ఉన్నాయి. అసలు ఏం జరిగిందో చూపించేది అవే.